మా కారు కూత

మా ఇంట్లో అంబాసిడర్ కారు వుందనగానే మీరు మమ్మల్ని భాగ్యవంతుల జాబితాలో రాసెయ్యకండి. అది 1986 నాటి బండి. మా నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరుగా వుండగా, 1995లో ఎవరో డాక్టరుగారు దాన్ని వదిలించుకుంటూంటే, ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి కొన్నారు. అప్పట్లో తెనాలిలో మా వీధి మొత్తానికి అదొక్కటే కారు. ఇప్పుడు ఇంటికో కారు వుంది గాని, ఇలాంటిది మాత్రం మళ్ళీ మాదొక్కటే. ఇంగ్లండులో వుండే మోరిస్ ఆక్స్‌ఫర్డు అనే కారు పోలికన మన దేశంలో దశాబ్దాల తరబడి చేస్తూ వచ్చిన ఈ బండి తయారీ 2014లో ఆగిపోయింది. అంచేత మాది కారు అనడం కంటే, ఒక వృద్ధ బంధువు అనడం సబబు. పొద్దున్నే లేవగానే దగ్గు, వంతెన ఎక్కితే ఆయాసం, వానాకాలంలో మొండితనం — ఆ లక్షణాలన్నీ దానికి వున్నాయి.

నాన్నగారు 2021లో పోయారు. కారు మాత్రం షెడ్డులో వుండిపోయింది. "అమ్మేద్దామండీ, ఆ షెడ్డులో మొక్కలు పెట్టుకోవచ్చు" అని మా ఆవిడ ఆర్నెల్లకోసారి అంటుంది. ఆ మాట అన్నప్పుడల్లా మా అమ్మ ఏమీ అనదు. లేచి వెళ్ళి కారు మీద కప్పిన దుప్పటి సరిచేసి వస్తుంది. దాంతో ఆ ప్రస్తావన మరో ఆర్నెల్లు వాయిదా పడుతుంది. పదిహేనేళ్ళు దాటిన సొంత కార్లకు అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి గదా! ఆ తిప్పలన్నీ పడి, ఆదివారాలు అమ్మను కూర్చోబెట్టుకుని వూళ్ళో ఒక చుట్టు తిప్పి తీసుకువస్తూ వుంటాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఈమధ్య ఒకనాడు పొద్దున్న బండి స్టార్టు చెయ్యగానే ముందు వైపు నుంచి ఒక సన్నని కూత వినిపించింది. కిచకిచమని, పిచిక పిల్లలా. రెండు నిమిషాలకు ఆగిపోయింది. నిజానికి బానెట్లో పిచిక గూడు పెట్టిందేమోనని తీసి చూశాను. గూడు లేదు. ఇంజను వేడెక్కితే పోయే కూతేగదా అని వూరుకున్నాను.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. సీసపద్యం చదువుతూ ఏ కుర్రవాడైనా ఒక గణం తప్పితే, నిద్రలో వున్నా నా చెవికి తగులుతుంది. అలాంటి చెవులు పెట్టుకుని, రోజూ వినిపించే కూతను రెండు నెలలు వినీ విననట్టు వూరుకున్నాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి — అది అజ్ఞానం కాదు, బద్ధకం.

ఆ తరువాత పది రోజులకు షెడ్డు గచ్చు మీద అరచేతి వెడల్పున ఆకుపచ్చని తడి కనిపించింది. రేడియేటరు మూత తీసి చూస్తే నీళ్ళు బెత్తెడు కిందికి పోయి వున్నాయి. మా బోరు నీళ్ళు ఒక చెంబుడు పోసి మూత పెట్టేశాను. వారం తిరిగేసరికి మళ్ళీ చెంబుడు పట్టింది. "ఏమండీ, దాహం వేసినప్పుడల్లా పోస్తూనే వుంటారా, ఆ నీళ్ళెక్కడికి పోతున్నాయో చూస్తారా?" అంది మా ఆవిడ. నాకు పౌరుషం వచ్చింది.

బజారులో రేడియేటర్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకువెళ్ళాను. నీళ్ళు కారుతున్నాయని చెప్పాను. కూత సంగతి చెప్పలేదు. ఆయన పని రేడియేటర్లే గనక, రేడియేటరు విప్పి, రెండు చోట్ల టంకం పెట్టి, తొమ్మిది వందలు పుచ్చుకున్నాడు. నీళ్ళు కారడం ఆగలేదు.

ఇంకొక మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, ఈసారి కూత సంగతి మాత్రం చెప్పాను. నీళ్ళ సంగతి చెప్పలేదు. అది రేడియేటరు ఆయన పద్దు గదా! ఈయన బానెట్టెత్తి, బెల్టు మీద వేలు పెట్టి నొక్కి, "బెల్టు వదులైంది సార్" అని బిగించి ఇచ్చాడు. కూత టక్కున ఆగిపోయింది. ఆ నాలుగు రోజులూ నేను మా ఆవిడ ముందు తలెత్తుకు తిరిగాను. అయిదోనాడు కూత మళ్ళీ వచ్చింది. ఈసారి పిచికలా లేదు. తైలం లేని గిలకలా వుంది. ఇంజను వేడెక్కినా పోవడం లేదు.

"మీ నాన్నగారి పుస్తకం చూశావుట్రా?" అంది అమ్మ ఆ సాయంత్రం.

చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నాన్నగారికి కారు పనంతా తెలుసు. లెక్కల మేష్టారు గదా, ప్రతిదీ తారీఖు వేసి ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసేవారు. దానికి బ్రౌను కాయితం అట్ట వేసి, పైన "బండి" అని రెండక్షరాలు రాసి పెట్టుకున్నారు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, 2009లో, దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. "ఒరే, ఒకసారి ఇటు రా, నీకొకటి చూపిస్తాను" అని షెడ్డులోంచి పిలిచారు. చేతులనిండా గ్రీజు. నేను ఏదో వ్యాసం రాసుకుంటున్నాను. "నేను ఎమ్మే చదివింది నట్లు బిగించడానికి కాదు నాన్నగారూ" అన్నాను. హాస్యానికే అన్నాననుకున్నాను. ఆయన నవ్వి వూరుకున్నారు. ఆ తరువాత పన్నెండేళ్ళు బతికారు గాని, మళ్ళీ ఎన్నడూ నన్ను షెడ్డులోకి పిలవలేదు.

ఆయన పోయాక ఆ నోటుబుక్కు అమ్మ బీరువాలోకి చేరింది. దాన్ని ముట్టుకునే మొహం నాకు లేకపోయింది.

అమ్మకు కంట్లో శుక్లం ముదిరింది. గుంటూరులో ఆపరేషనుకు గురువారం అని నిర్ణయించి, అంతకుముందు శనివారం పరీక్షలకు రమ్మన్నారు. టాక్సీ మాట్లాడమంది మా ఆవిడ. "మీ నాన్నగారి కంటి ఆపరేషనుకు మన కారులోనే వెళ్ళాం" అంది అమ్మ. దానికి ఇక తిరుగులేదు. రేడియేటరులో నీళ్ళు నిండా పోసి బయలుదేరాం.

తెనాలి దాటి ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళామో లేదో, వేడి చూపించే ముల్లు పైకి లేచింది. కూత కాస్తా కీచుమని అరుపైంది. ముందునుంచి ఆవిరి. బండి పక్కకు తీసి, ఆపి, బానెట్టెత్తాను. రేడియేటరు బుసలు కొడుతోంది. నీళ్ళు అయిపోయి వుంటాయి, పోద్దామని, భుజం మీద తువ్వాలు చేతికి చుట్టుకుని మూత మీద చెయ్యి వెయ్యబోయాను.

"ఆగరా!" అని అమ్మ అరిచిన అరుపు నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆవిడ తలుపు పట్టుకుని మెల్లిగా దిగి వచ్చింది. "ఆయన మోచేతి కింద మచ్చ ఎప్పుడైనా చూశావా?" అంది.

చూడకేం! చిన్నప్పటినుంచీ చూస్తూనే వున్నాను. దీపావళికి చిచ్చుబుడ్డి పేలి కాలిందేమోననుకునేవాణ్ణి, ఎన్నడూ అడగలేదు. "కారు కొన్న మరుసటేడు, బాపట్ల దారిలో ఇలాగే మూత తీశారు. మొహం పక్కకు తిప్పుకున్నారు గనక సరిపోయింది. అప్పటినుంచీ అరగంట ఆగకుండా మూత ముట్టుకునేవారు కాదు" అంది.

దీనికి కారణం తరువాత నాకు బోధపడింది. మీకూ చెబుతాను, ఎవరికైనా పనికి రావచ్చు. రేడియేటరు మూత వట్టి మూత కాదు, లోపలి ఒత్తిడిని పట్టి వుంచే బిరడా. ఒత్తిడిలో వుంటే నీరు నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత తియ్యగానే ఒత్తిడి పోతుంది. అంతవరకు అణిగి వున్న నీరంతా ఒక్క క్షణంలో మరిగి, ఆవిరై మొహాన కొడుతుంది. తువ్వాలు గుడ్డ దాన్ని ఆపలేదు. చల్లారకముందే చన్నీళ్ళు పొయ్యడం కూడా తప్పే. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్ళు పడితే ఇంజను దిమ్మ పగలవచ్చు.

వేపచెట్టు కింద ఇద్దరం ముప్పావుగంట కూర్చున్నాం. ఒక కంటితోనే పొలాల వైపు చూస్తూ అమ్మ ఏవో పాత సంగతులు చెప్పింది. ఆమె చెప్పిందాంట్లో సగం నాకు తెలియనివే. చల్లారాక నీళ్ళు పోసి, మధ్యలో రెండుసార్లు ఆగి, మెల్లిగా ఇల్లు చేరాం. ఆస్పత్రికి ఫోను చేస్తే పరీక్షలు సోమవారానికి మార్చారు.

ఆ రాత్రి అడగకుండానే అమ్మ నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది.

మొదటి పేజీనుంచి చదివాను. అలంకారం లేదు, అధిక పదం లేదు. ఎప్పుడు ఏ నూనె పోశారు, ఏ టైరు ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగింది, ఎవరికి ఎంత ఇచ్చారు. 2009 జూన్ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఇలా వుంది:

"నెల రోజులుగా కూత. వారానికి గ్లాసుడు నీళ్ళు తగ్గుదల. ఇవి రెండు జబ్బులనుకుని రెండు చోట్ల వెతికి పదిహేను రోజులు పోగొట్టుకున్నాను. జబ్బు ఒక్కటే. వాటర్ పంపు. లోపలి బేరింగు అరిగితే ఇరుసు వూగుతుంది. ఇరుసు వూగితే సీలు పోతుంది. సీలు పోతే నీళ్ళు పంపు అడుగు బెజ్జంలోంచి కారతాయి. ఆ నీళ్ళే బెల్టు మీద చింది, బెల్టు జారి కూస్తుంది. బెల్టు బిగిస్తే కూత తాత్కాలికంగా పోతుంది గాని, బేరింగు మీద బరువు పెరిగి ఇంకా త్వరగా చెడుతుంది. ఒక్కసారే రెండు ఫిర్యాదులు వస్తే ముందు రెంటికీ కలిసే చోటు వెతకాలి."

దాని కింద పరీక్షించే పద్ధతులు అంకెలు వేసి రాశారు. అన్నిటికంటే కింద ఒకే ఒక్క వాక్యం:

"అబ్బాయి దసరాకు వచ్చినప్పుడు చూపించాలి."

దీపం ఆర్పి చాలాసేపు కూర్చున్నాను. ఆ దసరా రోజున ఆయన చూపిస్తానన్నది ఇదన్నమాట.

ఆదివారం తెల్లవారగానే పంచె ఎగగట్టి షెడ్డులోకి వెళ్ళాను. వెనకాలే మా అమ్మాయి టార్చిలైటు పట్టుకుని వచ్చింది. ఇంజను చల్లగా, ఆపి వున్నప్పుడే చెయ్యాలని మొదటి పద్ధతి. మా బండిలో ఫ్యాను పంపు ఇరుసుకే బిగించి వుంటుంది. రెండు ఎదురెదురు రెక్కలు పట్టుకుని ముందుకూ వెనక్కూ వూపమన్నారు. బాగున్న పంపు కదలగూడదు. మాది వూగే పన్నులా కదిలింది. రెండోది: పంపు అడుగున చిన్న బెజ్జం దగ్గర చూడమన్నారు. టార్చి వేసి చూస్తే, బెజ్జంనుంచి కిందికి ఆకుపచ్చగా, తెల్లగా ఎండిన చార కట్టి వుంది. మూడోది: బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అరంగుళం లోపలికి పోవాలి. మాది వీణ తీగెలా బిగిసి వుంది. ఆ బిగింపుకు డబ్బిచ్చిన వాణ్ణి నేనే!

ఇంకా రాశారు: ఇంజను నడుస్తూండగా బెల్టు మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించి, కూత మారితే బెల్టుదనీ, మారకపోతే బేరింగుదనీ అనుకోవచ్చునట. బెల్టు తీసేసి కొద్ది క్షణాలు నడిపినప్పుడు కూత బొత్తిగా పోతే, అది బెల్టు తిప్పే వాటిలోదే — పంపుదో, డైనమోదో. ఇంజను నూనె పాలు కలిపినట్టు తెల్లబడినా, వెనక గొట్టంలోంచి తెల్లని పొగ ఆగకుండా వస్తున్నా, నీళ్ళు బయటికి కాదు, లోపలికే పోతున్నాయని గుర్తు. అది పెద్ద జబ్బు. నూనె కడ్డీ తీసి చూశాను. నూనె నల్లగానే వుంది. బతికిపోయాననుకున్నాను.

నాన్నగారి కాలంనుంచీ మా బండి చూసిన సాయిబుగారు ఒకాయన వున్నారు. డెబ్బై దాటాయి. దుకాణం కొడుకు చూసుకుంటున్నాడు. ఆయన దుకాణం పాతదనీ, దూరమనీ ఇన్నాళ్ళూ నేను వెళ్ళలేదు. కబురు చెయ్యగానే వచ్చారు. నేను చెప్పిందంతా విని, ఏమీ మాట్లాడకుండా ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు కొన పంపుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఇంజను స్టార్టు చెయ్యమన్నారు. డాక్టరు గుండె విన్నట్టు విన్నారు. తరువాత పిడి నా చెవికి పెట్టారు. రాళ్ళు విసురుతున్నట్టు గరగర.

"మీరు చెప్పింది నిజమే బాబూ. పంపే పోయింది. ఎట్టా కనుక్కున్నారు?" అన్నారు.

"నాన్నగారు చెప్పారండి" అన్నాను.

ఆయన నా మొహం వంక చూసి, బల్ల మీది నోటుబుక్కు వంక చూసి, తల పంకించారు. "పెద్ద పంతులుగారు నా కాడ నేర్చుకున్నారంటారు గాని, నేనే ఆయన కాడ నేర్చుకున్నాను" అన్నారు.

పంపు గుంటూరులో ఒక పాత సామాన్ల కొట్టులో మంగళవారానికి దొరికింది. సోమవారం పరీక్షలకు అమ్మను బస్సులోనే తీసుకువెళ్ళాను. బుధవారం సాయిబుగారు రేడియేటరు నీళ్ళు ఒక బేసినులోకి వదిలారు. పని జరుగుతూండగా వీధికుక్క ఒకటి వచ్చి బేసినులో మూతి పెట్టబోయింది. సాయిబుగారు రెంచి విసిరినంత పనిచేసి దాన్ని తరిమారు. "ఈ పచ్చనీళ్ళు తియ్యగుంటాయి బాబూ. కుక్కలూ పిల్లులూ ఇష్టంగా తాగుతాయి. తాగితే మూత్రపిండాలు పోతాయి. పసిపిల్లలకీ అంతే" అన్నారు. కూలెంటులో వుండే ఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం నిజంగా అలాంటి విషమే. రెండు నెలలపాటు ఆ తడిని షెడ్డులో వదిలేసిన సంగతి తలుచుకుంటే నా వొళ్ళు జలదరించింది. గచ్చంతా నేనే కడిగాను.

కొత్త పంపు, కొత్త బెల్టు, సగానికి సగం కూలెంటూ బ్యాటరీల్లో పోసే శుద్ధజలమూ — అన్నీ కలిపి మూడువేల నాలుగు వందలైంది. సగానికి సగం కలిపితే ఆ మిశ్రమం వట్టి నీటికంటే ఆరేడు డిగ్రీలు ఎక్కువ వేడికి గాని మరగదు, తుప్పు పట్టనివ్వదు. బోరు నీళ్ళు పోస్తే కుండలో కట్టినట్టే రేడియేటరు గొట్టాల్లోనూ సున్నం కడుతుంది. ఈ ముక్క కూడా నోటుబుక్కులో వుంది, కింద ఎర్ర సిరాతో గీత గీసి మరీ!

గురువారం పొద్దున్న బయలుదేరాం. కూత లేదు. ముల్లు మధ్యలో నిలబడి కదల్లేదు. వేపచెట్టు దాటుతూంటే అమ్మ అటు చూసింది గాని ఏమీ అనలేదు. ఆపరేషను బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో కంటికి కట్టుతో వెనక సీట్లో ఆనుకుని కూర్చుని, "పుస్తకంలో రాశావురా?" అని అడిగింది.

ఆ రాత్రి రాయడానికి కూర్చున్నాను. ఏళ్ళ తరబడి పిల్లలకు వ్యాసరచన నేర్పుతున్న వాణ్ణి. రెండు వాక్యాలు రాయడానికి గంట పట్టింది. రాసినదల్లా ఎక్కువైనట్టనిపించింది. చివరికి నాన్నగారి ఆఖరి పద్దు కింద తారీఖు వేసి, "వాటర్ పంపు, బెల్టు మార్పించాను. కూత, కారడం ఆగాయి. ఫ్యాను వూపి చూడడం అమ్మాయికి చూపించాను" అని రాశాను.

పాఠకులకు నా మనవి ఒక్కటే. మీ ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళు రాసి పెట్టిన పుస్తకాలు ఇలాంటివి వుండే వుంటాయి. పచ్చళ్ళ కొలతలో, పొలం లెక్కలో, మందుల చీటీలో కావచ్చు. వాటిని తీసి ఒకసారి చదవండి. పెద్దవాళ్ళు వుంటే మరీ మంచిది. షెడ్డులోంచి పిలిచినప్పుడు రాస్తున్న వ్యాసం పక్కన పెట్టి వెళ్ళండి.

మా ఆవిడ మొన్న మొక్కలు కొని తెచ్చింది. షెడ్డు అడుగుతుందేమోనని భయపడ్డాను. వాటిని తీసుకువెళ్ళి పెరట్లో పెట్టుకుంది.